మిస్సమ్మా, పెళ్ళిచూపులా: జీతం కోసం జతకట్టిన రెండు జంటల్లో ఏది మేలు?

1955 జనవరిలో విడుదలైన ‘మిస్సమ్మ’నూ, 2016 జులైలో వచ్చిన ‘పెళ్ళిచూపులు’నూ ఈ మధ్య వెంటవెంటనే మళ్ళీ చూశాను. రెండింటి మధ్య అరవై ఏళ్ళకు పైబడిన దూరం ఉంది. ఒకటి మద్రాసులో విజయా సంస్థ వెలిగిపోతున్న కాలంలో, పేరున్న తారలందరినీ ఒకచోట చేర్చి తీసిన సినిమా. మరొకటి హైదరాబాదులో ఒక కొత్త దర్శకుడు, అప్పటికి పెద్దగా పేరు పడని నటులతో, తక్కువ ఖర్చుతో తీసిన సినిమా. అయినా వీటిని పక్కపక్కన పెట్టి చూడడానికి గట్టి కారణమే ఉంది. మన ప్రేమకథల్లో అధికభాగం నాయకుడు నాయికను చూసి మనసు పారేసుకోవడంతో మొదలవుతాయి. ఈ రెండు కథల్లో మాత్రం ముందు వచ్చేది డబ్బు అవసరం. చదువుకుని ఖాళీగా ఉన్న ఒక యువకుడు, అతనికన్నా పట్టుదల గల ఒక యువతి, ఇద్దరినీ ఒకే కప్పు కిందికి తెచ్చే సంపాదన మార్గం, ఈ మూడింటి మీదే రెండు సినిమాలూ నడుస్తాయి. పైగా రెండింటిలోనూ పెళ్ళి అన్నది ఒకచోట అబద్ధంగానూ, ఇంకోచోట పొరపాటుగానూ ముందే వచ్చి కూర్చుంటుంది. ప్రేమ ఆ తరువాత, తీరిగ్గా వస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పి, కారణాలు ఆ తరువాత వివరిస్తాను. మొత్తంగా చూస్తే ‘మిస్సమ్మ’ మెరుగైన సినిమా. అయితే ఒక ముఖ్యమైన విషయంలో, అంటే ఆడపిల్ల చేసే పనిని పనిగా చూపించడంలోనూ, ఆమె ఎంపికను చివరిదాకా ఆమె చేతిలోనే ఉంచడంలోనూ, ‘పెళ్ళిచూపులు’ దానికన్నా నిజాయితీ గల సినిమా. పాత సినిమా అవసరాన్ని గొప్పగా చూపించింది; కొత్త సినిమా పనిని గొప్పగా చూపించింది. ఈ తేడాను గమనిస్తే, ఏ సినిమా ఎక్కడ బలంగా నిలబడిందో, ఎక్కడ తడబడిందో తేలిగ్గా అర్థమవుతుంది.

‘మిస్సమ్మ’ కథ తెలియని తెలుగువారు తక్కువే అయినా, పోల్చడానికి అవసరమైనంత వరకు గుర్తుచేసుకుందాం. అప్పాపురం అనే ఊళ్ళో జమీందారు గోపాలం గారు ఒక బడి నడుపుతుంటారు. చిన్నప్పుడే తప్పిపోయిన పెద్ద కూతురు మహాలక్ష్మి బెంగ ఆ ఇంటిని ఇంకా వదలలేదు. ఆ బడికి బి.ఎ. చదివిన ఉపాధ్యాయులు కావాలి, వారు భార్యాభర్తలై ఉండాలి అన్న షరతుతో పత్రికలో ప్రకటన వస్తుంది. మద్రాసులో ఉద్యోగం లేక తిరుగుతున్న ఎం.టి. రావు, అప్పిచ్చిన డేవిడ్ వేధింపులతో విసిగిపోయిన మేరీ, భార్యాభర్తలమని చెప్పుకుని ఆ ఉద్యోగంలో చేరతారు. మేరీ క్రైస్తవ ఆచారాలు నిష్ఠగా పాటించే అమ్మాయి. చేరిన ఇల్లేమో పూజలూ నోములూ ఉన్న ఇల్లు. ఆ ఇంటివాళ్ళు మంచివాళ్ళు కాకపోతే ఈ కథకు ఇంత బలం వచ్చేది కాదు. వారు కఠినులైతే అబద్ధమాడడం సులువు. సొంత కూతురిలా చూసుకునే మనుషుల ముందు రోజూ అబద్ధం బతకడమే కష్టం. చక్రపాణి రాసిన సంభాషణలూ, ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వమూ ఈ ఇబ్బందిని మూడు గంటల పాటు ఒక్క క్షణం కూడా మరిచిపోనివ్వవు. ఒక కుంకుమ భరిణె ముందుకు వచ్చినా, పెద్దావిడ ప్రేమగా ‘అమ్మాయీ’ అని పిలిచినా, మేరీ ముఖం బిగుసుకుంటుంది, రావు దాన్ని సర్దుబాటు చేయడానికి ఇంకో అబద్ధం వెతుక్కుంటాడు.

ఇక్కడ మేరీగా సావిత్రి నటన గురించి ఆగి చెప్పక తప్పదు. ఈ పాత్రకు మొదట భానుమతిని తీసుకుని కొంత చిత్రీకరణ కూడా జరిపారన్నదీ, ఆ తరువాత అది సావిత్రికి వచ్చిందన్నదీ, సావిత్రికి అనుకున్న చెల్లెలి పాత్ర జమునకు వెళ్ళిందన్నదీ సినిమా ప్రియులందరూ ఎరిగిన సంగతే. భానుమతి చేసి ఉంటే మేరీ కోపంలో అధికారం ఎక్కువగా ఉండేదేమో అనిపిస్తుంది. సావిత్రి మేరీ కోపంలో భయం ఉంది. అప్పు తీరదేమో, ఉద్యోగం పోతుందేమో, ఈ పరాయి మగవాడు హద్దు దాటుతాడేమో, తన దేవుడికి తాను దూరమవుతానేమో అన్న భయాలన్నీ కలిసి ఆ విసుగుగా బయటికి వస్తున్నాయని చూసేవారికి తెలుస్తూనే ఉంటుంది. అందుకే ఆమె ఎంత కసురుకున్నా మనకు ఆమె మీద కోపం రాదు.

ఈ సినిమా రాతలోని నేర్పు తెలియాలంటే ఒక పాట చూస్తే చాలు. గోపాలం గారి చిన్న కూతురు, చెల్లెలి వంటి సీతకు మేరీ సంగీతం నేర్పుతూ, మగవాళ్ళ విషయంలో ఎంత దూరంగా ఉండాలో, ఎలా అలుసు ఇవ్వకూడదో ‘తెలుసుకొనవె చెల్లి’ అంటూ పాటలోనే బోధిస్తుంది. పి. లీల గొంతులో అది అచ్చంగా ఒక అక్క చెప్పే బుద్ధిలా వినిపిస్తుంది. ఆ బోధ సీతకే అయినా, వినవలసినవాడు రావు. కొంతసేపటికి అదే వరుసను అందుకుని, ‘తెలుసుకొనవె యువతి’ అంటూ రావు మేరీకి బదులు చెబుతాడు. ఎ.ఎం. రాజా గొంతు ఎక్కడా పైకి లేవదు, వాదిస్తున్నట్టే ఉండదు, బుజ్జగిస్తున్నట్టు సాగిపోతుంది. పింగళి నాగేంద్రరావు ఒకే ఎత్తుగడతో రెండు పాటలు రాసి, ఇద్దరి మధ్య నేరుగా జరగవలసిన తగాదాను పాఠంగా, మారుపాఠంగా మలిచారు. సాలూరి రాజేశ్వరరావు వరుస ఎంత మధురంగా ఉన్నా, దాని కింద నడుస్తున్నది కయ్యమేనన్న సంగతి మనం మరిచిపోము. ‘రావోయి చందమామ’లో కూడా జరిగేది అదే. వెన్నెల్లో పాడుకునే యుగళగీతమని అందరం తలుచుకునే ఆ పాటలో ఇద్దరూ ఒకరి మీద ఒకరు చందమామకు ఫిర్యాదు చేసుకుంటారు. ఈ సినిమాలో ముఖ్యమైన పాటలేవీ కథను ఆపవు. అవి తీసేస్తే కథలో మెట్లు ఊడిపోతాయి.

‘పెళ్ళిచూపులు’లో దీనికి సమానమైన ఘట్టం పాట కాదు, గది. ప్రశాంత్ కుటుంబం పెళ్ళిచూపులకు వస్తుంది. అబ్బాయినీ అమ్మాయినీ మాట్లాడుకోమని ఒక గదిలో వదులుతారు. తలుపు తెరుచుకోక ఇద్దరూ లోపల చిక్కుకుపోతారు. బయట పెద్దవాళ్ళు కంగారు పడుతుంటే, లోపల ఇద్దరూ తమ వైఫల్యాలను ఒకరికొకరు చెప్పుకుంటారు. అతను ఇంజనీరింగ్ ఈడ్చుకుంటూ పూర్తిచేసిన వాడు, ఏ పనిలోనూ కుదురుగా నిలవనివాడు, వంట మీద మాత్రం ప్రాణం. ఆమె పేరు చిత్ర. విదేశానికి వెళ్ళాలన్న ఆశ ఉంది. ప్రేమించినవాడితో కలిసి ఒక ఫుడ్ ట్రక్ పెట్టాలనుకుని, అతను వదిలి వెళ్ళడంతో దెబ్బతిన్నది. కథంతా చెప్పుకున్నాక తేలేదేమిటంటే, పెళ్ళివారు అసలు వచ్చిందే తప్పుడు ఇంటికి.

ఈ ఘట్టాన్ని దర్శకుడు తరుణ్ భాస్కర్ ఎంత తేలిగ్గా నడిపించారో చూస్తే ముచ్చట వేస్తుంది. పెళ్ళిచూపుల్లో అబ్బాయీ అమ్మాయీ మాట్లాడుకునే మాటలు ఎలా ఉంటాయో మనందరికీ తెలుసు. జీతమెంత, అభిరుచులేమిటి, పెళ్ళయ్యాక ఉద్యోగం మానేస్తారా అన్న ప్రశ్నల చుట్టూ, ఎవరికి వారు మంచి బట్టలు కట్టుకున్నట్టే మంచి మాటలు కట్టుకుని కూర్చుంటారు. ఇక్కడ ఆ తలుపు బిగుసుకుపోవడంతో ఆ ముసుగులు జారిపోతాయి. మళ్ళీ కలుసుకోవలసిన అవసరం లేదన్న ధీమాతో మాట్లాడే మాటలకు ఉండే స్వేచ్ఛ వారి మాటల్లో వినిపిస్తుంది. నటుల గొంతులను చిత్రీకరణ సమయంలోనే ధ్వనిముద్రణ చేయడం వల్ల ఆ సంభాషణలో తడబాటూ, మధ్యలో ఆగడమూ, ఊపిరీ అన్నీ దక్కాయి. తరువాత డబ్బింగ్ గదిలో చెప్పించి ఉంటే ఆ దృశ్యానికి సగం ప్రాణం పోయేది. 64వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఈ సినిమాకు ఉత్తమ తెలుగు చిత్రంగానూ, మాటల రచనకుగానూ గుర్తింపు వచ్చింది. ఆ రెండో పురస్కారం మరీ న్యాయమైనదని నా నమ్మకం.

అబద్ధం మీద నిలబడిన జంటకూ, నిజం చెప్పుకుని మొదలైన జంటకూ మధ్య తేడా రెండు సినిమాల నడకలోనూ కనిపిస్తుంది. రావు, మేరీ ప్రతి దృశ్యంలోనూ ఏదో ఒకటి దాచాలి, అందువల్ల ప్రతి దృశ్యంలోనూ ప్రమాదం ఉంటుంది, ఆ ప్రమాదం నుంచి హాస్యం పుడుతుంది. ప్రశాంత్, చిత్ర మొదట్లోనే దాచుకోవలసినవన్నీ చెప్పేసుకున్నారు. ఇక ఆ తరువాత కథను నడపడానికి బయటి నుంచి అడ్డంకులు తెచ్చుకోవలసి వచ్చింది. ప్రశాంత్‌కు పిల్లనివ్వబోయే డబ్బున్న మామగారు, ఆయన పెట్టే పరీక్ష, వెళ్ళిపోయిన పాత ప్రేమికుడు, ఇవన్నీ ఆ అవసరం కోసమే వచ్చాయి. వీటిలో ఏదీ ఆ గదిలోని సంభాషణంత బలంగా లేదు. ముఖ్యంగా ప్రశాంత్ నిజంగా చూడవలసిన ఆ రెండో సంబంధపు అమ్మాయి ఒక మనిషిగా కాక, దాటవలసిన మలుపుగానే మిగిలింది. రెండో సగంలో నాకు విసుగు కలిగించిన భాగం అదే. మూడు గంటల ‘మిస్సమ్మ’ కన్నా రెండు గంటల ‘పెళ్ళిచూపులు’ అక్కడక్కడా సాగినట్టు అనిపించడానికి కారణం నిడివి కాదు, ఈ లోటే.

పని విషయానికి వస్తే తక్కెడ పూర్తిగా ‘పెళ్ళిచూపులు’ వైపు మొగ్గుతుంది. ‘మిస్సమ్మ’లో రావు, మేరీ ఉపాధ్యాయులు. కానీ వారు ఏం బోధిస్తున్నారో, ఆ బడి వారి రాకతో ఎలా మారిందో, మేరీ మంచి టీచరో కాదో సినిమా పెద్దగా పట్టించుకోదు. ఉద్యోగం ఇద్దరినీ ఆ ఇంట్లోకి తెచ్చే తాళంచెవి మాత్రమే; తలుపు తెరుచుకున్నాక దాని పని అయిపోయింది. ఆ కాలంలో బి.ఎ. చదివిన ఆడపిల్ల ఎంత అరుదో తలుచుకుంటే ఇది పెద్ద అవకాశం జారవిడుచుకోవడమే. అప్పు చేసి చదివించిన చదువు, ఆ అప్పు తీర్చడానికి చేస్తున్న ఉద్యోగం, ఇంత బరువున్న విషయాన్ని మొదట్లో ఎంతో చక్కగా నిలబెట్టి, తరువాత సినిమా దాన్ని మరిచిపోతుంది.

‘పెళ్ళిచూపులు’లో ప్రశాంత్, చిత్ర కలిసి నడిపే ఫుడ్ ట్రక్ నిజంగా బండి. వంట అతనిది, నిర్వహణ ఆమెది. ఎవరు ఏం చేయాలో ముందే తేల్చుకుంటారు. అతను బద్ధకిస్తే ఆమె ఊరుకోదు. ఆ కోపం ప్రేమలోని అలక కాదు, వ్యాపార భాగస్వామి కోపం. తెలుగు సినిమాలో నాయికకు ఇలాంటి కోపం దొరకడం చాలా అరుదు. రీతూ వర్మ ఆ పాత్రను ఎక్కడా గొంతు పెంచకుండా, అలాగని మెత్తబడకుండా చేసింది. తండ్రి తన మాటను నమ్మడని తెలిసిన కూతురు ఇంట్లో ఎలా కూర్చుంటుందో, బయట ఎలా నిలబడుతుందో, ఆ రెండు రకాల నడకలోనూ చూపించింది. ఆమె కల నెరవేరడానికి నాయకుడు వచ్చి రక్షించవలసిన అవసరం రాదు. అతను లేకపోతే వంట ఆగుతుందేమో గాని, ఆమె ఆగదు. అతనికి ఆమెతో పని ఎక్కువ, ఆమెకు అతనితో పని తక్కువ. ప్రేమకథలో ఈ లెక్క తలకిందులు కావడమే ఈ సినిమాకు కొత్తదనం తెచ్చింది.

మగవాడు గరిటె పట్టడం గురించి కూడా ఒక మాట చెప్పాలి. మన ఇతిహాసాల్లో పేరుపొందిన వంటవాళ్ళు నలుడూ భీముడూ. విందు బాగుంటే ఈనాటికీ నలభీమపాకమనే మెచ్చుకుంటాం. పెళ్ళి వంటలు చేసేవారిలో మగవాళ్ళే ఎక్కువ. అయినా ఇంజనీరింగ్ చదివించిన కొడుకు వంటవాడినవుతానంటే తండ్రికి తలకొట్టేసినట్టు ఉంటుంది. ప్రశాంత్ తండ్రి బాధను సినిమా ఎగతాళి చేయలేదు. ఫీజులు కట్టి, సప్లిమెంటరీ పరీక్షలన్నీ ఓపిగ్గా చూసి, చివరికి కొడుకు ఏమవుతాడోనని రాత్రిళ్ళు ఆలోచించే తండ్రులు మన వీధుల్లో ఎంతమంది లేరు? ఆయన చిరాకులో ఉన్న నిజాన్ని దర్శకుడు గౌరవించారు. విజయ్ దేవరకొండ కూడా ఆ కాలానికి ఇంకా తారగా మారని నటుడు కాబట్టి, ఆ బద్ధకపు కుర్రవాడిలో నాయకుడి హోదా ఎక్కడా అడ్డురాలేదు. ఆ తరువాత ఆయన చేసిన పాత్రల్లో ఇంత నిరాడంబరంగా కనిపించింది తక్కువని నాకనిపిస్తుంది.

నాయకుల పోలికలో మాత్రం నేను ఎన్.టి. రామారావు వైపే ఉంటాను. ‘పాతాళభైరవి’ వంటి సాహసగాథతో అప్పటికే జనం గుండెల్లో నిలిచిన నటుడు, ఇక్కడ కత్తి పట్టకుండా, పెద్ద మాట చెప్పకుండా, తిట్లు తింటూ, సర్దుకుపోతూ, మధ్యమధ్య చిలిపిగా ఉడికిస్తూ తిరుగుతాడు. రావులో ఉన్న మంచి గుణం సహనం. మేరీ ఎంత విసుక్కున్నా అతను ఆమె భయాన్ని అలుసుగా తీసుకోడు. భార్యాభర్తలమని ఊరంతా నమ్మిన చోట, ఆ నమ్మకాన్ని తనకు అనుకూలంగా వాడుకోగల అవకాశం ఉన్నా వాడుకోని మర్యాద అతనిది. 1955 నాటి నాయకుడిలో ఈ మర్యాదను చూసి, ఆ తరువాత దశాబ్దాల పాటు నాయికల వెంటబడి వేధించడమే ప్రేమగా చెలామణీ చేసిన సినిమాలను తలుచుకుంటే, మనం ముందుకు నడిచామా వెనక్కి నడిచామా అన్న సందేహం కలుగుతుంది.

సహాయ పాత్రల విషయంలో పోటీయే లేదు. ‘దేవదాసు’తో 1953లో విషాద నాయకుడిగా శిఖరానికి చేరిన అక్కినేని నాగేశ్వరరావు, రెండేళ్ళు తిరక్కుండానే ఇక్కడ డిటెక్టివ్ వేషాలు వేసే మేనల్లుడు రాజుగా కనిపించి నవ్వించారు. రేలంగి దేవయ్య, రమణారెడ్డి డేవిడ్, ఋష్యేంద్రమణి అమ్మగారు, ఎవరికి వారే ఒక కథకు సరిపోయేంత నిండుగా ఉంటారు. ఎస్.వి. రంగారావు గోపాలం గారి గురించి ఒక చిన్న లెక్క చెబితే ఆశ్చర్యం కలుగుతుంది: ఆయన 1918లో పుట్టారు, రామారావు 1923లో. తండ్రి వంటి పెద్దమనిషికీ, అల్లుడిగా నటిస్తున్న యువకుడికీ మధ్య నిజానికి ఐదేళ్ళ తేడా మాత్రమే. తెర మీద అది ఎవరికీ తోచదు. కూతురు తప్పిపోయిన దుఃఖాన్ని ఆయన ఎక్కడా ఏడుపుతో చూపించరు. పరాయి పిల్లలను చేరదీసే తొందరలో చూపిస్తారు. ‘పెళ్ళిచూపులు’లో ఈ స్థాయికి దగ్గరగా వచ్చింది ప్రియదర్శి ఒక్కరే. ప్రశాంత్ స్నేహితుడు కౌశిక్‌గా ఆయన మాటతీరు, చావు గురించి విసుగ్గా అనే ఆ ఒక్క మాటా, సినిమా దాటి కుర్రకారు నోట నానాయి. హైదరాబాదు యాసను వెక్కిరింపు కోసం కాక, స్నేహితుల మధ్య సహజమైన మాటగా వినిపించడం ఈ సినిమా చేసిన మేలు. అంతకుముందు ఆ యాస చాలా సినిమాల్లో ప్రతినాయకుడికో, హాస్యగాడికో మాత్రమే దక్కేది. ఇక్కడ కౌశిక్ కూడా నవ్వించేవాడే అయినా, నవ్వు అతని యాస మీద కాదు, అతను ఇరుక్కునే పరిస్థితుల మీద.

ఛాయాగ్రహణం, సంగీతం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. మార్కస్ బార్‌ట్లీ వెన్నెలకు సాటి లేదు, అయితే ఆ వెన్నెల దక్కాలంటే మంచి ప్రతి చూడాలి. ఇంటర్నెట్‌లో దొరికే ‘మిస్సమ్మ’ ప్రతుల్లో కొన్ని మసకబారి, అంచులు కోసుకుపోయి ఉంటాయి. అలాంటిది చూసి పాత సినిమా ఇంతేనని తీర్పు చెప్పడం అన్యాయం. వివేక్ సాగర్ సంగీతం ‘పెళ్ళిచూపులు’కు తగినట్టు తేలిగ్గా, దృశ్యం వెనుక నిలబడి ఉంటుంది. సినిమా అయ్యాక పాడుకునే పాటలు కావాలంటే మాత్రం పాత సినిమానే ఆశ్రయించాలి.

ఇక ముగింపులు. నా మనసులో ‘మిస్సమ్మ’ మీద ఉన్న ఒకే ఒక పెద్ద ఫిర్యాదు ఇక్కడిదే. మేరీ క్రైస్తవురాలు, రావు హిందువు. రెండున్నర గంటల పాటు సినిమా ఈ తేడాను ఎంతో సున్నితంగా, ఇరుపక్షాల గౌరవమూ తగ్గకుండా చూపించింది. ‘కరుణించు మేరిమాతా’ అని ఆమె ప్రార్థించే పాటను తోటి పాటలంత శ్రద్ధతోనే తీసింది. చూసేవారికి ఒక ప్రశ్న సహజంగానే పుడుతుంది: వీరిద్దరూ నిజంగా పెళ్ళి చేసుకుంటే ఆ ఇల్లు ఏమంటుంది, ఈమె దేవుడు ఎక్కడ ఉంటాడు? సినిమా ఆ ప్రశ్నకు జవాబు చెప్పవలసిన గడియలో పుట్టుమచ్చ బయటపడుతుంది, మేరీయే తప్పిపోయిన మహాలక్ష్మి అని తేలుతుంది. ఆమె జమీందారు కూతురే కాబట్టి అడ్డంకి దానంతటదే తొలగిపోతుంది. గోపాలం దంపతుల దుఃఖం తీరినందుకు సంతోషమే కలుగుతుంది గాని, మేరీ ఇన్నాళ్ళూ పట్టుదలగా కాపాడుకున్న విశ్వాసం ఏమైందని ఎవరూ అడగరు. తనను పెంచి, అప్పు చేసి చదివించిన తల్లిదండ్రులకు కథలో దక్కిన చోటు కూడా తక్కువే. ఆ కాలపు ప్రేక్షకులను దృష్టిలో పెట్టుకుని అలా చేసి ఉంటారని సమాధానం చెప్పుకోవచ్చు. అలా చెప్పుకున్నా, అంత ధైర్యంగా మొదలుపెట్టిన వారు మరొక్క అడుగు వేసి ఉంటే బాగుండేదన్న కోరిక పోదు.

ఆ అడుగు వేసిన తెలుగు సినిమా 2018లో వచ్చింది. వెంకటేష్ మహా తీసిన ‘కేరాఫ్ కంచరపాలెం’లోని కథల్లో ఒకటి క్రైస్తవ యువకుడు జోసెఫ్‌దీ, బ్రాహ్మణ కుటుంబానికి చెందిన భార్గవిదీ. విశాఖపట్నంలోని కంచరపాలెంలో, అక్కడి మామూలు మనుషులనే నటులుగా పెట్టి తీసిన ఆ సినిమాలో మతం అడ్డుగానే నిలుస్తుంది. ఏ పుట్టుమచ్చా వచ్చి దాన్ని తప్పించదు. ఆ సినిమా ‘మిస్సమ్మ’ అంత హాయిగా ఉండదు, ఉండాలని ఆశించకూడదు కూడా. అయితే ‘మిస్సమ్మ’ ముగింపు చూసి అసంతృప్తి కలిగినవారు తప్పక చూడవలసింది.

‘పెళ్ళిచూపులు’ ముగింపు దానితో పోలిస్తే చిన్నది. అక్కడ మతమూ లేదు, తప్పిపోయిన పిల్లా లేదు. రెండు మామూలు ఇళ్ళు, ఇద్దరు మామూలు పిల్లలు. డబ్బున్న సంబంధం, స్థిరమైన జీవితం ఒకవైపు, చేతికి నచ్చిన పని, మనసుకు నచ్చిన మనిషి ఇంకోవైపు. ప్రశాంత్ రెండోదాన్ని ఎంచుకుంటాడని మొదటి నుంచీ ఊహించగలం కాబట్టి ఉత్కంఠ తక్కువ. కానీ ఆ ఎంపికకు పుట్టుకతో సంబంధం లేదు. చిత్ర ఎవరి కూతురన్న నిజం బయటపడి కథ ముగియదు. ఆమె ఏం చేసి చూపించిందన్న దాని మీద ముగుస్తుంది. ఈ ఒక్క చోట కొత్త సినిమా పాతదానికన్నా పెద్దమనసుతో ప్రవర్తించింది.

రెండింటినీ ఇతర భాషలవారు కూడా తమవి చేసుకున్నారు. ‘మిస్సమ్మ’ తమిళంలో ‘మిస్సియమ్మ’గా ఏకకాలంలో తయారైంది, 1957లో ‘మిస్ మేరీ’గా హిందీకి వెళ్ళింది. ‘పెళ్ళిచూపులు’ 2018లో హిందీలో ‘మిత్రోం’గా, 2021లో తమిళంలో ‘ఓ మణపెణ్ణే’గా వచ్చింది. ఉద్యోగం కోసం తిప్పలు పడే చదువుకున్న యువత ఏ భాషలో లేదు? కథలు ఎల్లలు దాటడానికి కారణం ఆ తిప్పలే అనుకుంటాను.

ఇక ఎవరు ఏది చూడాలన్న సంగతి. ఇంటిల్లిపాదీ కూర్చుని, తాతయ్య నుంచి మనవరాలి వరకు ఒకే చోట నవ్వాలంటే ‘మిస్సమ్మ’కు మించినది లేదు, పండగ పూట మధ్యాహ్నం భోజనాలయ్యాక తీరిగ్గా పెట్టుకోవలసిన సినిమా అది. విదేశాల్లో పెరుగుతున్న తెలుగు పిల్లలకు కూడా దాన్నే ముందు చూపిస్తాను, ఎందుకంటే అందులోని మాటలు చిన్నవి, స్పష్టమైనవి, వినగానే అర్థమయ్యేవి. చదువు పూర్తిచేసి, సంబంధాలు చూస్తున్న వయసులో ఉన్న అబ్బాయికో అమ్మాయికో, వారి తల్లిదండ్రులతో కలిసి చూడమని మాత్రం ‘పెళ్ళిచూపులు’ ఇస్తాను. ముఖ్యంగా ఆ తలుపు బిగుసుకుపోయిన దృశ్యం అయ్యాక కాసేపు ఆపి మాట్లాడుకుంటే, ఆ ఇంట్లో జరగబోయే పెళ్ళిచూపుల్లో అబ్బాయీ అమ్మాయీ ఒకరినొకరు అడిగే ప్రశ్నలైనా కొంత మారతాయి.